ఏ స్కోరు పంపాలి, ఏది ఆపుకోవాలి: శాట్ ఎంపిక హక్కు వెనుక కథ

అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసే విద్యార్థి, ప్రవేశాలకు ఉపయోగపడే శాట్ పరీక్షను ఎన్నిసార్లు రాసినా ఏ తేదీన వచ్చిన స్కోరు పంపాలో చాలావరకు తానే నిర్ణయించుకుంటున్నాడు. 1926లో సుమారు 8 వేల మందితో మొదలైన ఈ పరీక్షకు ఇది ఆలస్యంగా వచ్చిన వెసులుబాటు. 1958 దాకా విద్యార్థికి తన స్కోరు నేరుగా తెలిపే పద్ధతే లేదు. ఆ తరువాత తెలిసినా, కళాశాలకు మాత్రం రాసిన పరీక్షలన్నింటి ఫలితాలూ ఒకే నివేదికలో వెళ్లిపోయేవి.

శాట్‌ను నిర్వహించే కాలేజ్ బోర్డ్ 1993లో శాట్ సబ్జెక్టు పరీక్షల వరకు 'స్కోర్ ఛాయిస్' ప్రవేశపెట్టి, 2002లో ఉపసంహరించుకుంది. డబ్బు కట్టి మళ్లీ మళ్లీ రాయగలిగిన వారికే అది మేలు చేస్తుందన్న అభ్యంతరం అప్పటికే ఉంది. అయినా 2009లో అదే పేరుతో శాట్ మొత్తానికీ తిరిగి తెచ్చింది. విద్యార్థుల ఆందోళన తగ్గించడమే ఉద్దేశమని సంస్థ చెప్పగా, కోరిన తేదీ స్కోరు మాత్రమే పంపే వీలున్న మరో ప్రవేశ పరీక్ష ఏసీటీతో పోటీయే అసలు కారణమని విమర్శకులు అన్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. యేల్, స్టాన్‌ఫర్డ్, కార్నెల్ వంటి విశ్వవిద్యాలయాలు ఈ ఎంపికను అంగీకరించక, అన్ని స్కోర్లూ పంపాల్సిందేనని ఆనాడు పట్టుబట్టాయి. జార్జ్‌టౌన్ ఆ తరువాత కూడా ఆ పట్టు విడవలేదు.

ఈ హక్కుకు ఒక పరిమితి ఉంది. ఎంచుకునేది తేదీనే తప్ప విభాగాన్ని కాదు. మార్చిలో ఇంగ్లిషులో 650, గణితంలో 760 వచ్చి, అక్టోబరులో అవే 720, 710 అయితే మొత్తాలు 1410, 1430 అవుతాయి. విభాగాలవారీగా మెరుగైన వాటిని కలిపే 'సూపర్ స్కోరింగ్' పాటించే కళాశాల దీన్ని 1480గా లెక్కిస్తుంది. తక్కువ మొత్తమని మార్చి ఫలితాన్ని ఆపుకున్న విద్యార్థి ఆ 50 పాయింట్లను చేజేతులా వదులుకున్నట్టే.

అసలు స్కోరే పంపకపోవడం మరో మార్గం. 1969లోనే బౌడిన్ కళాశాల దీనికి అనుమతిచ్చింది, 2018లో షికాగో విశ్వవిద్యాలయం ఆ దారిలోకి వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల పరీక్షా కేంద్రాలు మూతపడడంతో, అప్పటిదాకా ససేమిరా అన్న పెద్ద సంస్థలు కూడా స్కోరును ఐచ్ఛికం చేయక తప్పలేదు. అప్పటినుంచి ప్రశ్న మారింది: ఏ స్కోరు పంపాలన్నదే కాదు, పంపాలా వద్దా అన్నది కూడా విద్యార్థే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఈ తీర్పు విద్యార్థి మీద వేయడం ఎంత బరువో 2024లో డార్ట్‌మత్ అధ్యాపకుల అధ్యయనం చూపింది. అంతగా వనరులు లేని నేపథ్యాల నుంచి వచ్చినవారు, 1400 పైచిలుకు స్కోర్లు తమకు మేలు చేసేవే అయినా, ఆ సంస్థ సగటుకు తక్కువని భావించి పంపలేదు. వారి పాఠశాలల పరిస్థితితో పోల్చి చూసే ప్రవేశాల అధికారులకు అవే బలమైన ఆధారాలయ్యేవి. చెప్పేవారున్న ఇళ్లలో ఈ పొరపాటు అంతగా జరగదు. ఎంపిక అందరికీ ఒకటే, సలహా మాత్రం అందరికీ అందదు. డార్ట్‌మత్ ఆ ఏడాదే పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. ఎంఐటీ 2022లోనే ఆ పని చేయగా, హార్వర్డ్, బ్రౌన్ 2024లో అదే బాట పట్టాయి.

ఎంఎస్ కోసం జీఆర్ఈ రాసే తెలుగు విద్యార్థులకు ఈ తర్జనభర్జన కొత్త కాదు. 2012లో వచ్చిన 'స్కోర్ సెలెక్ట్' ప్రకారం, పరీక్ష రోజున ఉచితంగా పంపే నాలుగు నివేదికలకు తాజా స్కోరో, అన్ని స్కోర్లో ఎంచుకోవాలి. పాతవాటిలో కోరినదొక్కటే పంపాలంటే తరువాత రుసుము కట్టి పంపుకోవాలి.

యేల్ 2024లో తెచ్చిన విధానంలో శాట్, ఏసీటీ, ఏపీ (అమెరికా హైస్కూలు విద్యార్థులు రాసే కళాశాల స్థాయి సబ్జెక్టు పరీక్షలు), ఐబీ (అంతర్జాతీయ పాఠశాల కోర్సు పరీక్షలు)లలో ఏదైనా సరిపోతుంది. అయితే ఏపీ లేదా ఐబీని ఎంచుకున్నవారు, దరఖాస్తు నాటికి రాసిన ఆ సబ్జెక్టు పరీక్షల ఫలితాలన్నీ చూపాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో ఇంటర్ చదివి, అమెరికా ఏపీ పరీక్షలు రాయని విద్యార్థికి ఆ నాలుగింటిలో మిగిలేవి శాట్, ఏసీటీలే.