వసారాలో కూర్చుని విన్నవాళ్ళు

చిరంజీవులు పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

బోస్టన్‌లో బడివాళ్ళు తీసుకెళ్ళి చూపించిన పాత స్టేట్ హౌస్ (ఒకప్పటి ప్రభుత్వ సభా భవనం) గురించి చిన్నవాడు ఫోనులో భలే ప్రశ్న అడిగాడు. ఇంగ్లండు రాజును తరిమేశారు కదా, మరి రాజుగారి సింహమూ ఒంటికొమ్ము గుర్రమూ ఇంకా ఆ కప్పు మీద ఎందుకున్నాయని. అవి అసలువి కావురా. 1776 జులై 18న అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆ భవనం బాల్కనీ నుంచి చదివి వినిపించారు. ఆ రోజే జనం అసలు బొమ్మలను కిందికి లాగి మంటలో వేశారు. వందేళ్ళు దాటాక, 1882లో భవనాన్ని బాగుచేస్తూ మళ్ళీ కొత్తవి చేయించి పెట్టారు. 2014లో మరమ్మతుకని సింహాన్ని దించితే దాని తలలో ఒక పెట్టె దొరికింది. 1901లో ఎవరో ఉత్తరాలూ పత్రికలూ అందులో పెట్టి దాచారట!

అయితే బొమ్మలు తగలబెట్టడం పెద్ద పనేమీ కాదు. అసలు పని అంతకు చాలా ముందే, ఆ ఇటుక గోడల మధ్య మాటలతో జరిగింది.

1713లో కట్టిన ఆ భవనంలో మేడ మీద తూర్పు గదిలో ఇంగ్లండు రాజు నియమించిన గవర్నరూ ఆయన సలహా సభా కూర్చునేవారు. పక్క హాలులో జనం ఎన్నుకున్న ప్రతినిధులు. 1761లో ఆ తూర్పు గదిలోనే ఒక కేసు నడిచింది. పన్ను కట్టని సరుకు దాచారన్న అనుమానం వస్తే చాలు, సుంకం అధికారులు ఎవరింట్లోనైనా జొరబడి సోదా చేయవచ్చా? అలా చేసే అధికారం వాళ్ళకిచ్చే కాగితాలు చెల్లవంటూ జేమ్స్ ఓటిస్ అనే లాయరు గంటల తరబడి వాదించాడు. కేసు ఓడిపోయాడు. కానీ తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్, అప్పటికి పాతికేళ్ళవాడు, ఆ గదిలో కూర్చుని వాదన రాసుకున్నాడు. స్వాతంత్ర్యమనే బిడ్డ పుట్టింది అక్కడే, అప్పుడేనని ముసలితనంలో గుర్తుచేసుకున్నాడు.

ఓడిపోయిన కేసు అంత పని ఎలా చేసిందంటారా? ఒక్క కేసుతో కాలేదు. 1766లో ప్రతినిధుల హాలులో ఒక గ్యాలరీ కట్టించారు, మామూలు జనం వచ్చి కూర్చుని చర్చలు వినడానికి.

మా తాతగారిది మండువా లోగిలి. ఆస్తి పంపకాలప్పుడు పెద్దవాళ్ళు పడమటింట్లో తలుపులు వేసుకుని కూర్చునేవారు. మాకు కేకలు వినిపించేవి గానీ మాటలు తెలిసేవి కావు. ఒక ఎండాకాలం ఉక్కకు తాళలేక ఎవరో తలుపు తీశారు. పిల్లలం, పాలేర్లు, పక్కింటి అత్తయ్య అందరం వసారాలో చేరాం. అంతదాకా "నా వాటా, నీ వాటా" అంటున్న మా పెదనాన్న ఉన్నట్టుండి "న్యాయం" అనడం మొదలుపెట్టారు. మాట్లాడుతున్నది తమ్ముడితోనే, చూస్తున్నది మాత్రం మావంక! సాయంత్రానికి ఊరంతా మా మెరక పొలం గురించే మాట్లాడుకుంది.

బోస్టన్ సభ మా పడమటిల్లు, గ్యాలరీ మా వసారా అనుకోండి. గవర్నరు మా పెత్తందారు బాబాయి. లండన్‌లోని పార్లమెంటు మా ముత్తవ్వ: ఎక్కడో దూరాన కూర్చుని ఎవరెంత కట్టాలో తేల్చేది, తాళంచెవులు మాత్రం ఇచ్చేది కాదు. రాజుగారు ఎవరో కూడా చెప్పగలను గానీ, మీ నాన్నమ్మ చాలు అంటోంది.

గ్యాలరీ తెరిచిన రెండేళ్ళకు, కొత్త పన్నులు అన్యాయమని ఆ సభ మిగతా వలస రాజ్యాలకు ఉత్తరం రాసింది. దాన్ని వెనక్కి తీసుకోమని లండన్ నుంచి హుకుం వచ్చింది. 17 మంది సరేనన్నారు, 92 మంది కుదరదన్నారు. ఆ 92 మంది గౌరవార్థం పాల్ రెవియర్ అనే వెండి పనివాడు చేసిన గిన్నె బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. దగ్గరికి వెళ్ళి దాని మీద చెక్కిన అక్షరాలు చదవండి.

1770 మార్చి 5 రాత్రి ఆ బాల్కనీ ముందు వీధిలోనే ఇంగ్లండు సైనికుల కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. వాళ్ళలో ఒకరు క్రిస్పస్ అటక్స్, ఆఫ్రికా మూలాలున్న మనిషి. స్వేచ్ఛ గురించి అంత బాగా మాట్లాడిన ఊళ్ళో ఆ రోజుల్లో బానిసలు కూడా ఉండేవారు. పెద్దవాళ్ళ మాటలు వినేటప్పుడు, ఎవరి గురించి మాట్లాడటం లేదో కూడా చూడటం నేర్చుకోవాలి.

ఈసారి వెళ్ళినప్పుడు బాల్కనీ ముందు రాళ్ళు గుండ్రంగా పేర్చిన గుర్తు దగ్గర నిలబడి పైకి చూడండి. మైకు లేకుండా ఒక మనిషి గొంతు ఆ వీధిలో ఎంత దూరం వినిపించి ఉంటుందో మీరే ఊహించండి. కింద రైలు స్టేషను, చుట్టూ కార్లు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు కొంచెం కష్టమే. ఆ తరువాత మీ ఊళ్ళో గానీ దగ్గరి ఊళ్ళో గానీ టౌన్ మీటింగ్, అంటే ఊరి సంగతులు తేల్చుకునే సభ, ఎప్పుడో నాన్నను అడగండి. వెనక వరుసలో కూర్చుని ఎవరైనా వినవచ్చు. అక్కడ తమలో తాము మాట్లాడుకునేవారెవరో, వెనక వరుసవైపు చూస్తూ మాట్లాడేవారెవరో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య
తెనాలి