ఒక పేరు, రెండు విభక్తులు: అక్వే సెక్స్తియే

దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ అనే పట్టణం ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు అక్వే సెక్స్తియే. క్రీ.పూ. 122లో గాయుస్ సెక్స్తియుస్ కాల్వినుస్ అనే రోమన్ సేనాని అక్కడి సల్లువీ తెగను ఓడించి, వేడినీటి ఊటల దగ్గర ఈ స్థావరం వేశాడు. పనిలో పనిగా తన ఇంటిపేరు కూడా తగిలించాడు.

లాటిన్‌లో అక్వ అంటే నీరు. దాని బహువచనం అక్వే. ఊటలున్న ఊళ్ళను రోమన్లు ఇలా బహువచనంలోనే పిలిచేవారు. ‘నీళ్ళు వచ్చాయి’ అనే మనకు ఇదేమీ వింత కాదు.

చిక్కంతా రెండో మాటతోనే. సెక్స్తియేని ‘సెక్స్తియుస్ యొక్క’ అని చదివేస్తారు చాలామంది. ఆ అర్థానికి షష్ఠీ విభక్తిలో సెక్స్తియీ అని ఉండాలి. ఇక్కడున్నది షష్ఠి కాదు, విశేషణం. రోమన్ల ఇంటిపేరు తేలిగ్గా విశేషణమైపోతుంది. ఫ్లామినియుస్ వేయించిన రోడ్డు ‘వియా ఫ్లామినియా’ అయినట్టే ఇదీనూ. విశేషణం కాబట్టి లింగ, వచన, విభక్తుల్లో అక్వేని అనుసరించి తీరాలి.

అనుమానముంటే విభక్తి మార్చి చూడండి. ఆ ఊరికి వెళ్ళాలంటే ‘అక్వాస్ సెక్స్తియాస్’, ఊళ్ళో ఉంటే ‘అక్వీస్ సెక్స్తియీస్’. రెండు మాటలూ కలిసే మారాయి. ఇంగ్లండ్‌లోని బాత్ నగరం పాత పేరు అక్వే సూలిస్‌తో ఇదే చేస్తే ‘అక్వాస్ సూలిస్’, ‘అక్వీస్ సూలిస్’ వస్తాయి. సూలిస్ కదలదు. అది సూలిస్ అనే దేవత పేరు, నిజంగానే షష్ఠిలో ఉంది.

ఊళ్ళ పేర్లకు లాటిన్‌లో ‘కి, లో, నుంచి’ అని విడిగా మాటలు అక్కర్లేదు, పదాంతమే ఆ పని చేస్తుంది. ఏకవచనంలో ఉన్న రోమకు (రోమ్ నగరం) ‘లో’ అంటే రోమే, ‘నుంచి’ అంటే దీర్ఘాంతమైన రోమా. బహువచన నామాలకు ఈ రెండింటికీ ఒకటే రూపం. ‘అక్వీస్’ పక్కన నివసించు అనే క్రియ ఉంటే ‘లో’, వచ్చు అని ఉంటే ‘నుంచి’.

ఊరి పేరు జనం నోట ఎక్కువగా పలికేది ‘ఫలానా ఊళ్ళో, ఫలానా ఊరినుంచి’ అనేగా! అందుకే కర్త రూపమైన అక్వే పోయి అక్వీస్ నిలిచింది, అరిగి అరిగి ఎక్స్ అయింది. సెక్స్తియుస్ పేరు రాలిపోయింది. ఫ్రాన్స్‌లోనే అక్వే తర్బెల్లికే అనే ఇంకో ఊటల ఊరిది మరీ తమాషా. అక్కడ ‘నుంచి’ అనే అర్థమిచ్చే ‘ద’ కూడా ముందు అతుక్కుపోయి, ఊరి పేరే దాక్స్ అయి కూర్చుంది. దాక్స్ నుంచి వచ్చానని చెప్పాలంటే ఇప్పుడు ముందు మరో ‘ద’ చేర్చాల్సిందే.