ప్రీఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) సంతకం ఎవరిది? 2008లో తెగిన పేచీ మళ్లీ మొదటికి

ఒకప్పటి ఆరోగ్యశ్రీ అయిన ఎన్టీఆర్ వైద్యసేవలోకి బీమా కంపెనీలు మళ్లీ వస్తున్నాయనగానే నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో పాత పేచీ తిరిగి లేచింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన హైబ్రిడ్ విధానంలో రూ.2.5 లక్షల దాకా ఖర్చు కంపెనీది, ఆపైన రూ.25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టుది. డబ్బు లెక్క సరే, ఆపరేషన్ అవసరమో కాదో తేల్చేదెవరని రోగుల పక్షాన మాట్లాడేవాళ్లు అడుగుతున్నారు.

ఆరోగ్యశ్రీ పుట్టుక అందరికీ తెలిసిందే. చూడాల్సింది 2008 జులై. అంతకుముందు ఏడాది మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు పథకాన్ని ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిపారు. ప్రకాశం, నెల్లూరు 2008లో చేరాయి. ఆ జులైలోనే ఆరోగ్యశ్రీ-2 పేరుతో కొత్తగా కలిపిన చికిత్సలను కంపెనీకి ఇవ్వకుండా ట్రస్టే నేరుగా చూడసాగింది. రానురాను మిగతావీ దాని కిందికే వచ్చాయి. అనుమతి ఇవ్వకపోతే మిగిలే సొమ్ము కంపెనీకి లాభం. ట్రస్టు డాక్టరు కాదన్నా ఎవరి జేబూ నిండదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ట్రస్టు పాలన సుఖంగా సాగిందనలేం. బకాయిలు పేరుకుని ఆస్పత్రులు సేవలు ఆపేశాయి, మొన్న 2025 అక్టోబరులో కూడా. అయినా అది చెల్లింపుల తగాదా.

వైద్యంలో వేలు పెట్టడమంటే ఏమిటో సొంత పాలసీ ఉన్నవాళ్లను అడగాలి. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయి చేరితే ‘ఓపీలో చూడదగ్గ కేసు’ అని కంపెనీ నుంచి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పడుతుంది. పిత్తాశయంలో రాళ్లకు సర్జన్ ఆపరేషన్ రాస్తే, ముందు మందులు ఎందుకు వాడలేదంటారు. అడిగేది రోగి నాడి కూడా పట్టని డాక్టరు. డ్యూటీ డాక్టరు జవాబు రాసి స్కాన్ అప్‌లోడ్ చేసేలోగా, ఇన్సూరెన్స్ డెస్క్ ముందు రోగి కొడుకు అడ్వాన్సు కోసం కావలిలో బావకు ఫోన్ చేస్తుంటాడు.

అనవసరపు ఆపరేషన్లను ఆపడానికే ఈ ప్రశ్నలని కంపెనీలు అంటాయి. అక్కర్లేకున్నా చేసిన గర్భసంచి ఆపరేషన్ల సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయరు.

కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ తనంతట తాను క్లెయిం తిరస్కరించకూడదని 2016 నిబంధనల్లోనే ఉంది. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇంకాస్త బిగించింది: ప్రీఆథ్ గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో తేల్చాలి, సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా క్లెయిం కొట్టేయకూడదు. క్వెరీ మీద క్వెరీ వేస్తుంటే ఆ గంట ఎప్పుడు మొదలైనట్టు?

కొత్త పథకంలో ఆరు గంటల్లో అనుమతి అంటున్నారు. కాదంటే దారేది? సొంత పాలసీవాళ్లు కంపెనీకి ఫిర్యాదు చేసి, 30 రోజులు చూసి, బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలి. కనిగిరి కూలీకి అది అయ్యే పని కాదు. కంపెనీ కాదన్న కేసును అదే రోజు ట్రస్టు డాక్టరు చూడాలని టెండరు షరతుల్లోనే రాయమని రోగుల పక్షంవాళ్లు అంటున్నది అందుకే.