పెరటి ఓక్ మీద కాయ కాని కాయ

మే నెల సగం గడిచేసరికి న్యూజెర్సీలో ఎర్ర ఓక్ చెట్ల ఆకులు పూర్తిగా విచ్చుకుంటాయి. అది ఆ రాష్ట్రపు అధికారిక వృక్షం. ఇళ్ళ పెరళ్ళలోనూ పార్కుల్లోనూ దానికి కొదవ లేదు. మా పెరటి చెట్టు కింది కొమ్మను వంచి చూసినప్పుడు, ఒక ఆకు ఈనెను అంటిపెట్టుకొని లేత పచ్చని రంగులో, అక్కడక్కడ ఊదా చుక్కలతో, నిమ్మకాయంత గుండ్రని కాయ ఒకటి కనబడింది. ఓక్ కాయను ఎరిగినవారికి ఇది ఆ కాయ కాదని వెంటనే తెలిసిపోతుంది. అసలు కాయకు నెత్తిన టోపీలాంటి చిప్ప ఉంటుంది, అది కొమ్మకు కాస్తుందే గాని ఆకుకు కాయదు, పైగా ఎర్ర ఓక్‌లో అది పక్వానికి రావడానికి రెండేళ్ళు పడుతుంది.

చాకుతో సగానికి కోస్తే లోపల గుజ్జు లేదు, గింజ లేదు. కాగితమంత పల్చని పెంకు, నట్టనడుమ ఒక చిన్న గట్టి గుళిక, ఆ గుళికను పెంకుతో కలుపుతూ సైకిలు చక్రపు చువ్వల్లా అన్ని వైపులకూ సాగిన సన్నని తెల్లని నారలు, మిగిలినదంతా ఖాళీ. గుళికను గోటితో జాగ్రత్తగా చిదిపితే, కాళ్ళు లేని తెల్లని పురుగు ఒకటి కొద్దిగా వంగి పడుకొని ఉంది. నిమ్మకాయంత ఆ కట్టడమంతా ఆ ఒక్క పురుగు కోసం చెట్టు కట్టిపెట్టిన ఇల్లు.

ఇలాంటి బుడిపెలను ఇంగ్లీషులో గాల్ అంటారు. ఓక్ చెట్లమీద వీటిని ఎక్కువగా పుట్టించేవి సినిపిడే అనే కుటుంబానికి చెందిన కందిరీగలు. కందిరీగ అనగానే జడుసుకోనక్కరలేదు. ఇవి కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే బుజ్జి జీవులు, మనుషులను కుట్టవు. తల్లి ఈగ ఎదుగుతున్న మొగ్గలోనో లేత ఆకు ఈనెలోనో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు బయటపడ్డాక దాని చుట్టూ ఉన్న కణజాలం తాను ఆకుగా ఎదగవలసిన సంగతి మరిచిపోయినట్టు మరో దారి పడుతుంది. పురుగును ఆనుకొని ఉన్న పొర చక్కెరలూ మాంసకృత్తులూ నిండిన మెత్తని మేతగా మారుతుంది. దాని చుట్టూ గట్టి గోడ లేస్తుంది. చాలా బుడిపెల్లో వెలుపలి భాగం నోరు పిడచకట్టించేంత వగరుగా తయారవుతుంది. పురుగు ఆ మేతను తింటూ ఉంటే లోపలి పొర మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది. ఇంత తిన్నా ఆ గది పాడవకపోవడానికి కారణం ఒకటుంది: ఈ పురుగు పేగు చివర మూసుకొని ఉంటుంది, ఎదుగుదల ముగిసేదాకా అది మలవిసర్జన చేయదు.

చెట్టుకు ఏదో గాయమై అక్కడ ఇష్టం వచ్చినట్టు వాచిన వాపు ఇది అనుకోవడానికి వీల్లేదు. ఒకే తెల్ల ఓక్ చెట్టుమీద ఒక జాతి ఈగ మొగ్గ దగ్గర గులాబి చుక్కల దూది ఉండను పుట్టిస్తుంది, మరో జాతి ఆకు నడిమి ఈనెమీద ఎర్రని నూగుముళ్ళతో ముళ్ళపంది పిల్లలాంటి బుడిపెను పుట్టిస్తుంది. కణాలు చెట్టువే, పోషణ చెట్టుదే, రూపం మాత్రం పురుగు జాతిని బట్టి నిర్ణయమవుతుంది. అందుకే శాస్త్రవేత్తలు చాలాసార్లు ఈగను చూడకుండా, బుడిపెను చూసే దాని జాతి పేరు చెప్పగలుగుతారు.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుట్టవని 1668లో ప్రయోగంతో నిరూపించిన ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడీ కూడా, బుడిపెల్లోని పురుగుల దగ్గరికి వచ్చేసరికి తడబడి, వాటిని చెట్టులోని ప్రాణశక్తే పుట్టిస్తుందని నమ్మాడు. మరో పదకొండేళ్ళకు, 1679లో, అదే దేశానికి చెందిన మార్చెల్లో మాల్పీగీ కందిరీగ గుడ్లు పెట్టే తీరును స్వయంగా గమనించి, బుడిపెకు మూలం ఆ గుడ్డేనని రాశాడు.

తెలుగునాట అడవుల్లో ఓక్ చెట్లు పెరగవు గాని, ఓక్ బుడిపె మనకు కొత్తది కాదు. నాటుమందుల కొట్లో దొరికే మాచికాయ అదే. టర్కీ, సిరియా, ఇరాన్ ప్రాంతాల్లో పెరిగే ఒక పొట్టి ఓక్ జాతి కొమ్మలమీద కందిరీగ పుట్టించిన బుడిపెను కోసి, ఎండబెట్టి అమ్ముతారు. పేరులో కాయ ఉన్నా అందులో విత్తనం ఉండదు. కొన్ని మాచికాయలకు సూది గుచ్చినట్టు కనిపించే గుండ్రని రంధ్రం, లోపలి ఈగ బయటికి వెళ్ళిపోయిన దారి. ఈగ వెళ్ళకముందే కోసిన, రంధ్రం లేని బరువైన కాయకు వ్యాపారంలో ఎప్పుడూ ఎక్కువ విలువ. దాని బరువులో సగానికి పైగా టానిన్లు అనే వగరు పదార్థాలే ఉండవచ్చు. ఆ టానిన్లతో అన్నభేది అనే ఇనుప లవణాన్ని కలిపి, చిక్కదనానికి తుమ్మ జిగురు చేర్చి ఐరోపా వారు శతాబ్దాల పాటు సిరా తయారు చేసుకున్నారు. అమెరికా రాజ్యాంగం మూలప్రతిని రాసిందీ అలాంటి సిరాతోనే. టానిన్ విడిపోతే వచ్చే గాలిక్ ఆమ్లానికి ఆ పేరు వచ్చింది గాల్ అనే మాటనుంచే. ఆ పేరులోని గాలికీ మన గాలికీ సంబంధం లేదు గాని, రాసినప్పుడు పాలిపోయినట్టుండే ఆ సిరా కాగితంమీద నల్లబడడానికి మాత్రం గాలి తగలవలసిందే.

ఈ ఈగల జీవితంలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది తరాల మార్పు. ఐరోపాలో బయోరైజా పాలిడా అనే జాతి వసంతంలో ఓక్ మొగ్గలమీద మెత్తని ఆపిల్‌లాంటి బుడిపెను పుట్టిస్తుంది. వేసవిలో దాన్నుంచి ఆడ, మగ ఈగలు రెండూ వస్తాయి. జతకట్టిన ఆడ ఈగ పైకొమ్మను వదిలి నేలలోకి దిగి, అదే చెట్టు సన్నని వేళ్ళలో గుడ్లు పెడుతుంది. అక్కడ పుట్టే బుడిపెలు పూర్తిగా వేరే రూపంలో ఉంటాయి. వాటినుంచి చలికాలంలో బయటపడేవన్నీ ఆడవే, వాటికి రెక్కలుండవు. అవి ఆ చలిలో మానుమీదుగా కొమ్మల దాకా పాకి, మగతోడు లేకుండానే మొగ్గల్లో గుడ్లు పెడతాయి. రెండు తరాలకూ పోలిక లేకపోవడంతో ఇలాంటి వాటిని ఒకప్పుడు వేర్వేరు జాతులుగా లెక్కగట్టి వేర్వేరు పేర్లు పెట్టారు. జర్మనీలో హెర్మన్ ఆడ్లర్ అనే వైద్యుడు ఓపికగా ఈగలను పెంచి, ఏ బుడిపె ఈగ ఏ బుడిపెకు తల్లి అవుతుందో గమనించి 1881లో ఆ లెక్కను సరిచేశాడు.

ఇంతటి భద్రమైన ఇంట్లోనూ పురుగుకు నిశ్చింత లేదు. పరాయి బుడిపెలో చేరి ఆ మేతను పంచుకునే కందిరీగలు కొన్ని, గోడ గుండా పొడవాటి గొట్టాన్ని దింపి లోపలి పురుగుమీద గుడ్డు పెట్టే పరాన్న కందిరీగలు మరికొన్ని. వాటిలో 2017లో శాస్త్రలోకానికి పరిచయమైన యూడెరస్ సెట్ మరీ కర్కశమైనది. అమెరికా ఆగ్నేయ తీరంలోని ఓక్ రెమ్మల్లో దాగి పెరిగే ఒక కందిరీగ దీనికి ఆహారం. మామూలుగా ఆ కందిరీగ పెద్దదయ్యాక రంధ్రం తొలుచుకొని వెళ్ళిపోతుంది. యూడెరస్ సోకినదైతే తన శరీరం పట్టనంత చిన్న రంధ్రం తొలిచి, అందులో తల ఇరికించుకొని చచ్చిపోతుంది. యూడెరస్ దాన్ని లోపలినుంచి తిని, చివరికి ఆ తలనే తొలుచుకొని బయటికి వస్తుంది.

అన్నీ ఇంత భీకరంగా ఉండవు. పెన్సిల్వేనియాలో ఒక కీటకశాస్త్ర ఆచార్యుడి ఎనిమిదేళ్ళ కొడుకు చీమల పుట్ట దగ్గర గింజల్లాంటివి చూసి తండ్రికి చూపించాడు. అవి గింజలు కావు, రాలిపడిన ఓక్ బుడిపెలు. వాటి నెత్తిన లేత రంగు టోపీ ఒకటి ఉంటుంది. ఆ టోపీలోని కొవ్వు పదార్థాలు చీమలను ఆకర్షిస్తాయని, అవి బుడిపెను పుట్టలోకి మోసుకెళ్ళి టోపీని మాత్రమే తిని మిగతాదాన్ని వదిలేస్తాయని 2022లో వెలువడిన పరిశోధన చూపించింది. ఎలుకల కంట పడకుండా ఈగ పిల్లకు అది మంచి చోటే.

ఆకుల నిండా బుడిపెలు చూసి చాలామంది మందు కొట్టాలని కంగారుపడతారు. ఆకుమీది బుడిపెల వల్ల పెద్ద ఓక్ చెట్టుకు జరిగే నష్టం దాదాపు ఏమీ లేదు. పైగా మందు బుడిపె లోపలి పురుగుదాకా చేరదు, దాన్ని అదుపులో ఉంచే పరాన్న కందిరీగలు మాత్రం చస్తాయి. రెమ్మలను చుట్టేసి పెరిగే గట్టి బుడిపెలు కొమ్మలను ఎండగట్టవచ్చు గాని, అది వేరే సంగతి. మన వరిలో ఉల్లికోడు పురుగు పిలక లోపల చేరి దాన్ని ఉల్లికాడలాంటి తెల్లని గొట్టంగా మార్చేస్తే ఆ పిలకకు ఇక వెన్ను రాదు. వరంగల్ రైతుకు అది పంట నష్టం. ఓక్‌కు అలాంటి గండం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఓక్ ఆకు అంచుల బుడిపెల్లోని పురుగులను తినే, ఇంగ్లీషులో మైట్ అనే కంటికి ఆనని నల్లి ఒకటుంది. 2004లో కాన్సస్ రాష్ట్రంలో అవి విపరీతంగా పెరిగి, చెట్ల కింద తిరిగినవారినీ ఆకులు ఊడ్చినవారినీ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించాయి.

అదే చెట్టుమీద కనబడి, నేను కోయకుండా వదిలేసిన మరో బుడిపెను, ఆకు ఎండిపోయాక, గాజు సీసాలో వేసి మూతికి పల్చని గుడ్డ కట్టి కిటికీ దగ్గర పెట్టాను. ఇల్లు కట్టించుకున్న గోధుమరంగు ఈగ కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఒక ఉదయం పెంకుమీద చిన్న రంధ్రం, సీసా గోడమీద ఆకుపచ్చగా లోహంలా మెరుస్తున్న వేరే కందిరీగ కనిపించాయి. దాని తోక దగ్గర వెంట్రుకంత సన్నని పొడవాటి గొట్టం ఉంది. గుడ్డ విప్పగానే అది ఓక్ చెట్టు వైపే ఎగిరిపోయింది.