ఓకేకి ఫుల్‌ఫామ్ ఉందా?

మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి పదింటికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "బాబాయ్, ఓకేకి ఫుల్‌ఫామ్ ఏంటి? అర్జెంట్." ట్యూషన్ సారు 'అబ్జెక్షన్ కిల్డ్' అని చెప్పారట. పక్క బెంచీవాడు కాదన్నాడట. ప్లేటు పానీపూరీ పందెం.

మన చదువుల్లో ఈ ఫుల్‌ఫామ్‌ల పిచ్చి ఎప్పుడు దూరిందో గానీ, చిన్నప్పుడు నేనూ దానికి బలైనవాణ్ణే. 'న్యూస్' అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని బట్టీపట్టి క్విజ్‌లో మార్కు కొట్టేశాను. నిజానికి అది 'కొత్త' అనే మాటకు బహువచనం, అంతే. మన లెక్కలో 'కొత్తలు'. మొదటి అక్షరాలు కలిపి మాట తయారుచేసే పద్ధతి బాగా ప్రబలింది 20వ శతాబ్దంలో. రాడార్, లేజర్ అలా పుట్టినవే. అంతకంటే పాత మాటకు ఎవరైనా ఫుల్‌ఫామ్ చెబితే ముందు అనుమానించాలి.

చిక్కేమిటంటే, ఓకే 19వ శతాబ్దపు మాటే, అయినా దానికి ఫుల్‌ఫామ్ ఉంది. ఆ ఫుల్‌ఫామ్‌లో ఉన్న రెండు మాటలూ తప్పుల తడకలే.

1839 మార్చి 23. అమెరికాలోని బోస్టన్ నగరం. 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' అనే పత్రికకు చార్లెస్ గోర్డన్ గ్రీన్ సంపాదకుడు. ఆ ఊళ్లో 'గంటల మోత వ్యతిరేక సంఘం' అని ఒక వేళాకోళపు సంఘం ఉండేది. దాని సభ్యుల ప్రయాణం గురించి ప్రావిడెన్స్ ఊరి పత్రికతో పరాచికాలాడుతూ గ్రీన్ నాలుగు వాక్యాలు రాశాడు. వాటి మధ్యలో 'ఓ.కె.' అని రెండక్షరాలు వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం ఇచ్చాడు. ఇంతవరకు అచ్చులో దొరికినవాటిలో అదే మొదటిది.

ఆల్ కరెక్ట్ అయితే 'ఏ.సి.' కావాలి కదా? అక్కడే ఉంది తమాషా. 1838 వేసవి నుంచి బోస్టన్ పత్రికల్లో పొడి అక్షరాల వ్యసనం మొదలైంది. మన సినిమా అభిమానులు పొడవాటి టైటిల్‌ని నాలుగు అక్షరాలకు కుదించేస్తారే, అలాగ. 'పనికాదు' అనే నో గోకి 'ఎన్.జి.', అప్పులవాళ్లకు దొరక్కుండా టెక్సాస్ పారిపోయినవాడికి 'జి.టి.', అంటే గాన్ టు టెక్సాస్. కొన్నాళ్లకు అదీ విసుగనిపించి, ముందు స్పెల్లింగు చెడగొట్టి ఆ తరవాత కుదించడం మొదలుపెట్టారు. నో అనే మాటను 'తెలుసు' అనే అర్థమిచ్చే నో స్పెల్లింగుతో రాసి, నో గోని 'కె.జి.' చేశారు. రైట్‌కి ముందు డబ్ల్యూ తగిలించి, ఆల్ రైట్‌ని 'ఓ.డబ్ల్యూ.' చేశారు. ఆల్ కరెక్ట్‌లో ఏ బదులు ఓ, సి బదులు కె పెట్టారు. చదువురానివాడు చెవికి వినబడినట్టు రాస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

ఈ జోకు తెలుగులో చేసి చూస్తే గానీ రుచి తెలియదు. 'అంతా సరి' అనే మాటను 'అ.స.' అని కుదించామనుకోండి. అందులో నవ్వేముంది? అదే 'హంతా షరి' అని రాసి 'హ.ష.' చేశామనుకోండి, కాలేజీ హాస్టల్లో నాలుగు రోజులు ఆడుతుంది. "మెస్సులో కూర ఎలా ఉందిరా?" "హష." ఇప్పుడు ఆ హాస్టల్ కుర్రాళ్లు ముసలివాళ్లయ్యారు, జోకు మరిచిపోయారు, మాట మిగిలింది. మనవడు పుట్టాడు. హష అంటే ఏమిటని అడిగాడు. ఒక పండితుడు అది సంస్కృత 'హర్ష' శబ్ద భవమన్నాడు. ఇంకొకాయన ఉర్దూ అన్నాడు. మూడో ఆయన 'హష' అనే పేరుగల తహసీల్దారు ఉండేవాడనీ, కాగితాల మీద అలా సంతకం చేసేవాడనీ కథ చెప్పాడు. కథ ఉన్నచోట ఊరూ పేరూ కూడా వెలుస్తాయి. కాకినాడను కెనడాతో ముడిపెట్టే కథ మనకు ఉండనే ఉంది.

ఓకేకి అక్షరాలా ఇదే జరిగింది. గ్రీకులు 'ఓలా కాలా' అంటారు, అంతా బాగుందని అర్థం, అందులోంచే వచ్చిందన్నారు కొందరు. అమెరికా మూలవాసుల్లో చోక్తా జాతివాళ్ల భాషలో 'అది అంతే' అనే అర్థంలో ఒక మాట ఉంది, అది మూలమన్నారు ఇంకొందరు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఈ వాదాన్ని ఎంత నమ్మాడంటే, కాగితాల మీద రెండక్షరాల ఓకే కాకుండా 'ఓకెహ్' అని స్పెల్లింగు మార్చి రాసేవాడు. ఓబడయా కెల్లీ అనే రైల్వే గుమాస్తా పొడి సంతకమని ఒక కథ. అంతర్యుద్ధంలో సైనికులకిచ్చిన ఓరిన్ కెండాల్ బిస్కట్ల ముద్ర అని ఇంకో కథ. ఓంకారం నుంచి వచ్చిందనేవాళ్లు మన వాట్సాప్ గుంపుల్లో ఈపాటికే ఉండి ఉంటారు. లేకపోతే రేపు వస్తారు.

ఇలాంటి కథల్ని పరీక్షించడానికి భాషాశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. అంతర్యుద్ధం మొదలైంది 1861లో. అచ్చులో ఓకే 1839లోనే ఉంది. బిస్కట్ కథ అక్కడితో సరి. టెలిగ్రాఫ్ వాళ్లు కనిపెట్టారంటారా, మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తొలి సందేశం పంపింది 1844లో. అదీ పోయింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో అలెన్ వాకర్ రీడ్ అనే ఆచార్యుడు పాత పత్రికల దొంతరలు తిరగేసి, ఓ.కె.తో పాటు దాని అన్నదమ్ములన్నిటినీ ఏరి, 1963, 64ల్లో వరసగా వ్యాసాలు రాశాడు. ఒంటరిగా ఒక మాట దొరికితే నమ్మకం కుదరదు. అలాంటివే పది అదే ఊళ్లో, అదే ఏడాది, అదే వెకిలితనంతో కనిపిస్తే ఇక వాదించడానికి మిగిలేదేముంది? గ్రీకు వాదానికి అలాంటి జాడ ఒక్కటీ లేదు. ఉన్నది శబ్దసామ్యం మాత్రమే.

మరి కె.జి., ఓ.డబ్ల్యూ. చచ్చిపోయి ఓ.కె. ఎలా బతికింది? ఎన్నికలు కాపాడాయి. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అనుచరులు ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవాళ్లు. ఓ, కె! న్యూయార్క్‌లో ఓ.కె. క్లబ్బు వెలిసింది. ప్రత్యర్థులు ఊరుకుంటారా? వాన్ బ్యూరన్ గురువు, మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగు రాదనీ, ఆల్ కరెక్ట్ అనబోయి కాగితాల మీద ఓ.కె. గిలికేవాడనీ కథ అల్లారు. ఆర్థిక మాంద్యం రోజులు కదా, డబ్బు ఖాళీ, పరపతి ఖాళీ, పరువు ఖాళీ, ఒంటిమీద బట్టలూ ఖాళీ అని ఆ రెండక్షరాలకు కొత్త అర్థం కట్టారు, సి ఉండాల్సిన చోటల్లా కె పెట్టి. వాన్ బ్యూరన్‌కి 60 ఎలక్టోరల్ ఓట్లు, ప్రత్యర్థి హారిసన్‌కి 234. ఆయన ఓడిపోయాడు, ఆయన క్లబ్బు పేరు దేశమంతా మిగిలింది.

ఇక్కడి నుంచే నాకు అసలు ఆసక్తి. పుట్టుక ఒక జోకు, ప్రచారం ఒక ఎన్నిక. కానీ ఉద్యోగం ఇచ్చింది తంతి ఆఫీసు. తీగ అవతల మనిషి కనబడడు. పంపిన సందేశం చేరిందో, మధ్యలో ఎక్కడైనా తీగ తెగిందో తెలియదు. అందుకని అవతలి ఆఫీసు 'ఓకే' కొడితే తప్ప సందేశం చేరినట్టు లెక్కవేసేవాళ్లు కాదు. అమెరికా వాళ్ల మోర్స్ కోడ్‌లో ఓ అంటే చుక్క, కాస్త ఎడం, చుక్క. కె అంటే గీత, చుక్క, గీత. రెండు సెకన్ల పని. ఇందులో మెప్పు లేదు, ఒప్పుకోలు లేదు. 'మీ నాన్నగారు పోయారు' అనే తంతికి కూడా అవతల గుమాస్తా ఓకే అనే కొడతాడు. అంటే 'అందింది' అని.

మనకు ఈ సంగతి కొత్తేమీ కాదు. రాత్రి డాబా మీద కథ చెబుతూ అమ్మమ్మ ఏమనేది? "ఊఁ కొట్టండర్రా, లేకపోతే చెప్పను." రాజుగారి ఏడో కొడుకు చేప ఎండలేదన్నా ఊఁ, రాక్షసుడు మింగేశాడన్నా ఊఁ. ఆ ఊఁకి 'నాకు నచ్చింది' అని అర్థం కాదు, 'లైను తెగలేదు' అని. ఊఁ ఆగిందంటే పిల్లలు నిద్రపోయారని అమ్మమ్మకు తెలిసేది. కథ ఆపేసేది.

ఇదే పని ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. మీ ఫోన్లో ఏ వెబ్‌పేజీ తెరిచినా, తెరవెనక సర్వరు ముందుగా ఒక అంకె పంపుతుంది. పేజీ లేకపోతే 404. అంతా సవ్యంగా జరిగితే 200, దానికి పెట్టిన పేరు 'ఓకే'. హైదరాబాదు హైటెక్ సిటీలో ఏ ప్రోగ్రామర్ని అడిగినా 200 ఓకే వెనక ఉన్న మోసం చెబుతారు. 'క్షమించండి, మీ టికెట్ బుక్ కాలేదు' అనే పేజీ కూడా 200 ఓకేతోనే రావచ్చు. మీ అభ్యర్థన చేరింది, జవాబు పంపాను అనే దాని భావం. జవాబు మీకు మంచిదా చెడ్డదా అనేది దానికి సంబంధం లేదు. ఆ తంతి గుమాస్తా ఓకేనే ఇది, జీతం లేకుండా.

ఓకే చేసే ఇంకో పని మీద 1973లో ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వీ శాక్స్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. ఫోను సంభాషణ ఎలా ముగుస్తుంది అనేది వాళ్ల ప్రశ్న. ఎవరూ ఠక్కున పెట్టేయరు. ముందు ఒకరు ఓకే అంటారు. అందులో సమాచారం సున్నా. దాని అర్థం 'నా వంతు నేను వాడుకోవడం లేదు, నీ దగ్గర ఇంకేమైనా మిగిలితే ఇప్పుడే చెప్పు' అని. రెండోవాళ్లు కూడా ఓకే అంటే అప్పుడు సెలవు. ఈ సిద్ధాంతం చదివినరోజు సాయంత్రమే అమ్మతో ఫోన్లో పరీక్షించాను.

"సరే మరి."

"ఆఁ సరే."

"ఉంటా అయితే."

"ఆఁ... అన్నట్టు, గ్యాసు బుక్ చేశావా?"

మళ్లీ పన్నెండు నిమిషాలు. షెగ్లాఫ్, శాక్స్ చెప్పింది అక్షరాలా నిజం.

ఈ 'సరే' ఉండగా మనకు ఓకే ఎందుకు? చేరింది కాబట్టి ఉంది, అంతకంటే గొప్ప కారణం నాకు తట్టలేదు. కాకపోతే అది తెలుగులోకి చేరిన తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. మన మాటలు అచ్చుతో ముగియాలి. అందుకే బస్ బస్సయింది, కార్ కారయింది, పెన్ పెన్నయింది. ఓకేకి తోక అతికించాల్సిన పనే పడలేదు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'ఓవ్-కెయ్' అని వంకర్లు తిప్పి పలుకుతారు. మనం రెండు నికార్సైన దీర్ఘాలు చేసేశాం. రెండు గురువులు, అంటే గగం. కందపద్యంలో దర్జాగా కూచుంటుంది. ఆపైన మన ప్రత్యయాలన్నీ ఎక్కేశాయి: ఓకేనా, ఓకేగా, ఓకేనండీ, ఓకేరా. 'ఓకేలే' వినండి ఒకసారి. ఒప్పుకుంటూనే నిట్టూర్చడం ఇంగ్లీషు ఓకేకి సాధ్యమా?

అర్థాలూ మనవే. సారు ఫైలు ఓకే చేశారంటే సంతకం పడిందని. సంబంధం ఓకే అయిందంటే తాంబూలాల దాకా వచ్చిందని. డైరెక్టరు 'షాట్ ఓకే' అన్నాడంటే లైట్లబాయ్ టీకి వెళ్లొచ్చని. అదే సినిమా రిలీజయ్యాక ఎలా ఉందని అడిగితే, "ఆఁ... ఓకే" అన్నారంటే డబ్బులు దండగ అని. మన 'పర్లేదు'కి కవల అది. కొత్తకోడలి వంటను పర్లేదన్న మావగారి ముఖం ఎవరికైనా గుర్తుంటే ఇక వివరించక్కర్లేదు.

చేతి సైగ సంగతి వేరే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే జపాన్‌లో డబ్బని, ఫ్రాన్సులో సున్నా అని, బ్రెజిల్‌లో బూతని. టెక్సాస్‌లో ఉన్న నా స్నేహితుడి కూతురు గుళ్లో దక్షిణామూర్తి చిన్ముద్ర చూసి "నాన్నా, స్వామి ఓకే అంటున్నాడు" అందట.

ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్ తెర మీద మనం రోజూ నొక్కే ఓకే బటన్ మొదట ఓకే కాదు. యాపిల్ కంపెనీ 'లీసా' అనే కంప్యూటర్ తయారుచేసే రోజుల్లో (అది 1983లో బయటికొచ్చింది) ఆ బటన్ మీద 'డూ ఇట్' అని రాశారు. ఓకే మరీ వీధి మాటలా ఉందని వాళ్ల అభ్యంతరం. మామూలు జనాన్ని కూర్చోబెట్టి పరీక్షిస్తుంటే ఒకాయనకు చిర్రెత్తుకొచ్చింది. రెండు మాటల మధ్య ఎడం చాలక, 'ఇట్'లోని పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్‌లా కనబడి, ఆయన దాన్ని 'డోల్ట్' అని చదువుకున్నాడు. డోల్ట్ అంటే మొద్దు. ఈ యంత్రం నన్ను మొద్దంటుందేమిటని ఆయన బాధ. వీధి మాటే గతి అని ఓకే పెట్టేశారు.

ఇదంతా కుదించి మావాడికి పెద్ద మెసేజ్ రాశాను. బోస్టన్, తేదీ, ఎన్నిక, తంతి ఆఫీసు, అన్నీ. పందెం ఎవరు గెలిచారో కూడా తేల్చాను: ఫుల్‌ఫామ్ ఉందన్న సారు గెలిచారు, చెప్పిన ఫుల్‌ఫామ్ ఓడిపోయింది, కాబట్టి పానీపూరీ చెరి సగం. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబుగా ఒకే ఒక్క అక్షరం వచ్చింది: 'కె'.

వాడి తరంలో ఒంటి కె అంటే విసుగట. మోర్స్‌లో ఒంటి కె కొడితే 'ఇక నువ్వు పంపు, వింటున్నా' అని. నేను రెండోదే అనుకుని, చోక్తా సంగతి మళ్లీ మొదటినుంచి టైపు చేయడం మొదలుపెట్టాను.