జీన్స్‌కి వావివరసలు తెలీవు

మా వైపు ఏ లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదటిసారి ఫైల్ రాసేటప్పుడు సిస్టర్ గ్యారంటీగా అడిగే ప్రశ్న ఒకటుంది, "మీది మేనరికమా అమ్మా?" అని. అవునంటే బావనా మేనమామనా అని ఇంకో ప్రశ్న, దాన్ని బట్టి ఫైల్ మీద థర్డ్ డిగ్రీ అనో సెకండ్ డిగ్రీ అనో రాస్తారు. పోలీస్ స్టేషన్ భాషలా ఉంటుంది గానీ అది చుట్టరికం ఎంత దగ్గరో చెప్పే లెక్క అంతే. నేను కూడా ఆ స్టూల్ మీద కూర్చుని "కాదండీ, బయటి సంబంధమే" అని దర్జాగా చెప్పి వచ్చాను. ఆ దర్జా ఎన్నాళ్ళు నిలిచిందో తర్వాత చెప్తా.

అసలు మన భాషలోనే ఒక తమాషా ఉంది చూడండి, నాన్న అక్కచెల్లెళ్ళు అత్తలు, మొగుడి తల్లి కూడా అత్తే. అమ్మ అన్నదమ్ములు మామయ్యలు, మొగుడి తండ్రి కూడా మామయ్యే. అంటే పిల్ల పుట్టకముందే ఎవరింటికి కోడలుగా వెళ్ళొచ్చో మాటల్లోనే రాసి పెట్టేసుకున్నాం. అదే పెదనాన్న కొడుకో పిన్ని కొడుకో అయితే వాడు అన్నయ్య, పెళ్ళి మాట ఎత్తితే చెంప పగులుతుంది. మామయ్య కొడుకు బావ, పిన్ని కొడుకు అన్నయ్య, ఇద్దరూ అమ్మ తోబుట్టువుల పిల్లలే, మనకి మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఇప్పుడు ఇదే ప్రశ్న జీన్స్‌ని (జన్యువుల్ని) అడిగితే వాటికి ఈ గొడవ ఏమీ తెలీదు. మేనమామ పిల్లలైనా పిన్ని పిల్లలైనా బాబాయి పిల్లలైనా ఒక తాతా అమ్మమ్మా (లేదా నానమ్మా) కామన్ కాబట్టి, సగటున మన డీఎన్ఏలో ఎనిమిదో వంతు వాళ్ళతో కలుస్తుంది. అలాంటి ఇద్దరికి బిడ్డ పుడితే ఏ ఒక్క జీన్ తీసుకున్నా, దాని రెండు కాపీలూ ఆ ఒకే పూర్వీకుడి ఒకే కాపీ నుంచి వచ్చే ఛాన్స్ 16లో 1. అక్క కూతుర్ని చేసుకుంటే కలిసేది నాలుగో వంతు, బిడ్డకి ఆ ఛాన్స్ 8లో 1. దీనివల్ల భయం ఏంటంటే మనలో ప్రతి ఒక్కరం పాడైపోయిన జీన్ కాపీలు కొన్ని మోస్తూ ఉంటాం, రెండో కాపీ బాగుంది కాబట్టి ఏమీ తెలీదు, ఇద్దరి దగ్గరా అదే పాడు కాపీ ఉంటే మాత్రం బిడ్డకి రెండూ పాడువే వచ్చే అవకాశం ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటి.

ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ దగ్గర మాత్రం వరసకి కాస్త విలువుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది కదా, అందుకని అతను మేనత్త కూతుర్ని చేసుకుంటే పుట్టే ఆడపిల్లలో ఎక్స్ వరకూ ఈ రిస్క్ సున్నా, మేనమామ కూతుర్ని చేసుకుంటే 8లో 1. మన పెద్దవాళ్ళకి ఇది తెలిసి పెట్టారని వాట్సాప్‌లో ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే మాత్రం నమ్మకండి, మనం రెండు రకాలూ చేసుకుంటూనే వచ్చాం.

మరి రిస్క్ నిజంగా ఎంత? ఇంగ్లాండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ, అక్కడ 11,000 మందికి పైగా పిల్లల్ని ఫాలో అయి 2013లో లెక్క బయట పెట్టారు. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలు పెళ్ళిళ్ళలో 100కి 3 అయితే దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళలో 6. రెట్టింపు అని హెడ్డింగ్ పెట్టొచ్చు, 94 మంది పిల్లలు ఏ లోపం లేకుండా పుట్టారని కూడా పెట్టొచ్చు, రెండూ నిజమే. అదే స్టడీలో 34 దాటాక కన్న తెల్లజాతి తల్లుల పిల్లల్లో కూడా రిస్క్ 2 నుంచి 4కి, అంటే రెట్టింపే అయింది, కానీ 34 దాటినవాళ్ళు పిల్లల్ని కనకూడదని ఏ దేశం చట్టం చేయలేదు. నాకు ఇక్కడే డౌటు మొదలైంది, ఈ చట్టాలూ ఆచారాలూ గీసిన గీతలు నిజంగా బిడ్డ కోసం గీసినవేనా అని.

ఎందుకంటే ఆ గీత ఒక్కో చోట ఒక్కోలా ఉంది. హైదరాబాద్ పాతబస్తీలోనే చూడండి, ముస్లిం ఇంట్లో బాబాయి కూతుర్ని చేసుకోవచ్చు, అరబ్బుల్లో అయితే అదే మొదటి సంబంధం, కానీ అక్క కూతుర్ని చేసుకోవడం ఖురాన్ ప్రకారం హరాం. పక్క వీధిలో తెలుగు హిందూ ఇంట్లో అక్క కూతురు ఓకే, బాబాయి కూతురు అంటే రామరామ. ఒకళ్ళ పెళ్ళి శుభలేఖ ఇంకొకళ్ళకి పాపం కింద లెక్క. చైనాలో పాతకాలంలో తండ్రి అన్నదమ్ముల పిల్లలు ఇంటివాళ్ళు కాబట్టి కుదరదు, మేనత్త మేనమామల పిల్లలు బయటివాళ్ళు కాబట్టి కుదురుతుంది, మనకి బాగా దగ్గర. 1980 చట్టంతో రెండూ బంద్ చేశారు. కొరియా వాళ్ళయితే మన గోత్రాన్ని మించిపోయారు, ఒకే ఇంటిపేరు ఒకే మూలస్థానం ఉంటే చాలు పెళ్ళి చెల్లేది కాదు, గిమ్హే ఊరు మూలంగా చెప్పుకునే కిమ్‌లు లక్షల మంది ఉంటారు, ఒకరికొకరు ముక్కూమొహం తెలీకపోయినా ప్రేమించుకున్నారంటే అయిపోయారే. 1997లో అక్కడి రాజ్యాంగ కోర్టు అది తప్పని చెప్పింది, 2005లో చట్టం మార్చారు.

ఉత్తరాది వాళ్ళు మన మేనరికాన్ని చూసి మొహం చిట్లించడం ఇవాళ్టిది కాదు. రెండు వేల ఏళ్ళకి పైబడిన బౌధాయన ధర్మసూత్రంలోనే దక్షిణాది వాళ్ళ ప్రత్యేక అలవాట్ల లిస్టు ఉంది, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం. వెంటనే ఉత్తరాది లిస్టు కూడా ఉంది, మద్యం తాగడం, ఆయుధాల వ్యాపారం, సముద్ర ప్రయాణం లాంటివి. ఎవరి దేశంలో వాళ్ళకి అది తప్పు కాదు, పక్కవాడిది కాపీ కొడితేనే పాపం అని తీర్పు. చద్దన్నం విషయంలో మాత్రం మేం గర్వంగా ఒప్పుకుంటాం.

ఆ తీర్పు మన 1955 హిందూ వివాహ చట్టంలోకి కూడా నడిచి వచ్చేసింది. ఆ చట్టం అక్షరాలా చదివితే మేనమామ మేనకోడలు, అన్నాచెల్లెళ్ళ పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు అందరూ నిషిద్ధమే, ఆ పైన తల్లి వైపు మూడు తరాలు తండ్రి వైపు ఐదు తరాలు సపిండం (ఒకే పూర్వీకుల రక్తం) అని ఇంకో అడ్డుగోడ. కానీ చివర్లో ఒక చిన్న మాట, "ఆచారం అనుమతిస్తే తప్ప". ఆ ఒక్క ముక్క మీద బతుకుతున్నాయి మన మేనరికాలన్నీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి రక్తసంబంధంలోనే, తమిళనాడు కర్ణాటక కూడా అటూ ఇటుగా అంతే, పక్కనే ఉన్న కేరళలో మాత్రం చాలా తక్కువ. ఢిల్లీలో ఒకావిడ పెళ్ళిని, భర్త దూరపు చుట్టం అని, ఆచారం ఉన్నట్టు రుజువు లేదని కోర్టు కొట్టేసింది, ఆవిడ ఆ సపిండం సెక్షన్‌నే సవాల్ చేస్తే 2024 జనవరిలో హైకోర్టు కుదరదంది. మన దగ్గర సొంత మేనమామతో పెళ్ళి చెల్లుతుంది, అక్కడ దూరపు చుట్టంతో చెల్లలేదు, చట్టం మాత్రం ఒకటే.

యూరప్ కథ ఇంకోలా ఉంటుంది. చర్చి ఒకప్పుడు ఏడు తరాల దాకా వద్దంది, పల్లెటూళ్ళలో అలా చూస్తే ఎవరికీ ఎవరూ మిగలరు కదా, 1215లో నాలుగు తరాలకి తగ్గించారు. కావాలంటే పోపు దగ్గర స్పెషల్ పర్మిషన్ తెచ్చుకోవచ్చు, రాజులకి అది ఈజీగానే దొరికేది. ఇంగ్లాండ్ ఎనిమిదో హెన్రీకి 1540లో క్యాథరిన్ హోవర్డ్‌ని చేసుకోవాలనిపించింది, ఆమె అంతకుముందు తను తల నరికించిన భార్యకి కజిన్, పాత రూల్ ప్రకారం అది కూడా చుట్టరికమే, దాంతో కజిన్స్ సంబంధాలన్నీ ఓకే అని చట్టమే మార్చేశారు. జర్మనీలో ఇవాళ్టికీ మేనమామ మేనకోడలు చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు, మనం ఒంటరివాళ్ళం కాదన్నమాట. నార్వే మాత్రం 2024లో కజిన్ పెళ్ళిళ్ళ మీద నిషేధం పాస్ చేసింది.

అమెరికా దగ్గర నవ్వొస్తుంది. 1858లో కాన్సాస్ మొదలుపెట్టింది, ఇప్పుడు దాదాపు సగం రాష్ట్రాల్లో కజిన్ పెళ్ళి చెల్లదు, మనవాళ్ళు గుంపులు గుంపులుగా ఉండే టెక్సాస్ 2005లో నిషేధించింది. అరిజోనాలో ఇద్దరికీ 65 దాటితే చేసుకోవచ్చు, ఇల్లినాయ్‌లో 50 దాటితే చాలు, పిల్లలు పుట్టే వయసు అయిపోయింది కాబట్టి ఇక మీ ఇష్టం అని. మెయిన్ రాష్ట్రం కాస్త తెలివిగా జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకున్నట్టు సర్టిఫికెట్ తెమ్మంటుంది. కనీసం ఈ రూల్స్ రాసినవాళ్ళు ఆలోచించింది బిడ్డ గురించే, నిషేధం అనే మొద్దు కత్తితో కోసినా.

ఈ విషయంలో నిద్రపట్టని మనిషి ఒకాయన ఉన్నాడు, చార్లెస్ డార్విన్. 1839లో తన మేనమామ కూతురు ఎమ్మాని చేసుకున్నాడు, మన లెక్కలో పక్కా మేనరికం. పది మంది పిల్లలు, ముగ్గురు చిన్నప్పుడే పోయారు. మొక్కల్లో సొంత పుప్పొడితో పుట్టినవి బలహీనంగా ఉండడం కళ్ళారా చూస్తున్న మనిషికి ఇంట్లో పిల్లల్ని చూస్తే ఏమనిపించి ఉంటుందో. 1871 సెన్సస్‌లో కజిన్ పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న పెట్టమని తెలిసిన ఎంపీ ద్వారా అడిగించాడు, పార్లమెంట్ ఒప్పుకోలేదు. తర్వాత కొడుకు జార్జ్ 1875లో ఇంటిపేర్లతో లెక్కలు కట్టి ప్రమాదం పెద్దగా కనబడట్లేదని తేల్చాడు, నాన్నకి కాస్త ఊరట అయి ఉంటుంది.

ఒక్క తరం మేనరికంతో జరిగేది తక్కువ, అసలు దెబ్బ తరాల మీద తరాలు అదే పని చేస్తే తగులుతుంది. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ సొంత చెల్లెలి కూతుర్ని చేసుకున్నాడు, అప్పటికే ఆ వంశంలో మామా మేనకోడళ్ళ పెళ్ళిళ్ళు, కజిన్ల పెళ్ళిళ్ళు కుప్పలు. వాళ్ళ కొడుకు రెండో చార్లెస్ దగ్గరికి వచ్చేసరికి ఇందాకటి 16లో 1 లెక్క నాలుగింట ఒకటి దాటిపోయింది, అంటే అన్నాచెల్లెళ్ళకి పుట్టిన బిడ్డతో సమానం. జబ్బులతోనే బతికి 1700లో పిల్లల్లేకుండా పోయాడు, సింహాసనం కోసం యూరప్ అంతా కొట్టుకుంది. దీనికి తిరగేసిన మంచి వార్త కూడా ఉంది, మీ అమ్మానాన్నలది మేనరికం అయినా సరే, మీరు ఏ చుట్టరికమూ లేనివాళ్ళని చేసుకుంటే మీ పిల్లల లెక్క మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది.

కానీ చుట్టరికం లేదు అని ఎవరు చెప్పాలి? మనం బయటి సంబంధం అంటాం, ఆ బయట కూడా కులం లోపలే ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ, అమెరికా హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో వేసిన పేపర్‌లో దక్షిణాసియాలో 263 గుంపుల్ని చూస్తే 81 గుంపులు ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి తర్వాత తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవని తేలింది, ఈ విషయంలో ఫిన్లాండ్ వాళ్ళనీ అష్కెనాజీ (యూరప్ మూలాలున్న) యూదుల్నీ మించి. మన వైశ్యులు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. వాళ్ళలో కొందరికి ఒక ఎంజైమ్ తయారుకాదు, మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు కండరాలు వదులు చేసే ఒక మందు ఇస్తే మాత్రం నిమిషాల్లో దిగాల్సింది గంటల తరబడి దిగదు, అప్పటిదాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. అలాంటి పేషెంట్ అమ్మానాన్నలు ఒకరికొకరు ఏమీ కాకపోవచ్చు, గోత్రాలు వేరే, జిల్లాలు వేరే, ఫైల్‌లో "మేనరికం కాదు" అనే ఉంటుంది.

అందుకే నాకు సైప్రస్ పద్ధతి నచ్చుతుంది. అక్కడ తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఎక్కువ, 1980ల నుంచి చర్చిలో పెళ్ళి కావాలంటే బ్లడ్ టెస్ట్ చేయించుకున్న సర్టిఫికెట్ చూపించాలి. రిపోర్ట్ ఎలా వచ్చినా పెళ్ళి ఆపరు, చాలా జంటలు తెలిసే చేసుకున్నాయి, కడుపులో ఉండగా టెస్ట్ చేయించుకున్నాయి, తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఇరాన్‌లో 1997 నుంచి ఇలాంటి టెస్ట్ తప్పనిసరి. టే శాక్స్ అనే పుట్టుకతో వచ్చే నరాల జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న న్యూయార్క్ బ్రూక్లిన్ రబ్బీ (యూదు మతగురువు) ఒకాయన 1983లో ఇంకో దారి పెట్టాడు, అబ్బాయిలకీ అమ్మాయిలకీ ముందే టెస్ట్ చేసి ఒక నంబర్ ఇస్తారు, సంబంధం కుదిర్చేటప్పుడు రెండు నంబర్లు ఫోన్లో చెప్తే కలుస్తాయో లేదో చెప్తారు, ఎవరిలో ఏముందో ఊరికి తెలీదు. జాతకాల పొంతన కోసం పంతులుగారి చుట్టూ పదిసార్లు తిరిగే మనకి ఇది పెద్ద కష్టం కాకూడదు.

ఇక నా దర్జా సంగతి. ఏడో నెలలో సీమంతానికి అందరూ వచ్చారు, గాజులు తొడుగుతూ మా ఆయన వైపు పెద్దావిడ ఒకామె మా అమ్మమ్మని మీ పుట్టిల్లు ఎక్కడ అని అడిగింది, అక్కణ్ణుంచి ఇంటిపేర్లు, ఊళ్ళు, ఎవరు ఎవరికి ఏమవుతారో తవ్వుకుంటూ పోతే పావుగంటలో తేలిందేంటంటే మా అమ్మమ్మ వాళ్ళమ్మా, మా ఆయన తాతయ్య వాళ్ళమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. నేను లోపల డీఎన్ఏ లెక్క కడుతున్నాను, కలిసేది 128లో ఒక వంతు, భయమే లేదు, పైగా ఐస్‌లాండ్ వాళ్ళ వంశవృక్షాల మీద 2008లో వచ్చిన స్టడీలో ఇంత దూరం చుట్టాలైన జంటలకే ఎక్కువమంది పిల్లలూ మనవలూ ఉన్నారని చదివాను. ఈలోగా ముసలాళ్ళు వాళ్ళ లెక్క వాళ్ళు కట్టేశారు. అమ్మమ్మా ఆ తాతయ్యా అన్నాచెల్లెళ్ళు, కాబట్టి మా అమ్మా మా మామగారూ బావామరదళ్ళు, కాబట్టి నేనూ మా ఆయనా...

గదిలో ఒక్కసారి సైలెన్స్. అన్నాచెల్లెళ్ళ వరస అన్న మాట ఎవరి నోట్లోంచీ రాలేదు. ఆఖరికి ఆ పెద్దావిడే నా చేతికి ఇంకో డజను గాజులు ఎక్కిస్తూ "అటు నుంచి కాదే, మా చిన్నత్త వైపు నుంచి లెక్కెయ్, బావే అవుతాడు" అంది.