బొమ్మ దొరికింది, గొంతు ఏది?

1962 డిసెంబరులో లండన్‌లో మొదటిసారి వేసినప్పుడు ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా నిడివి 222 నిమిషాలు. కొన్ని వారాలకే అందులోంచి 20 నిమిషాలు తీసేశారు. తర్వాతి రీరిలీజ్ నాటికి అది 187 నిమిషాలకు దిగింది. 1980ల చివర్లో, పాత సినిమాల్ని బాగుచేసే రాబర్ట్ హ్యారిస్ బృందం ఆ పోయిన ముక్కల్ని వెతికింది. చాలావరకు దొరికాయి. అయితే కొన్నిట్లో నటుల పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు.

షూటింగ్‌లో బొమ్మ ఫిల్ము మీద పడుతుంది, మాట వేరే టేపు మీద రికార్డవుతుంది. రెండూ కలిసేది చివర్లో, ప్రింటు మీద. నెగెటివ్‌ని ఎవరో ఒకరు జాగ్రత్తగా దాస్తారు. మాగ్నెటిక్ టేపు చెరిపి మళ్ళీ వాడుకునే సరుకు. అందుకే తీసేసిన సీన్లు ఇలా మూగగా మిగిలిపోతుంటాయి.

దారి ఒకటే, మళ్ళీ డబ్బింగ్. పాతికేళ్ళు దాటాక పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్, ఆంథనీ క్విన్ మైకు ముందుకొచ్చి తమ పాత పెదాలకు కొత్తగా మాటలు చెప్పారు. జనరల్ ఆలెన్‌బీగా వేసిన జాక్ హాకిన్స్ 1973లోనే చనిపోయారు. ఆయన బదులు చార్ల్స్ గ్రే చెప్పారు. ఇది ఎవరో ఒకరిని తెచ్చి పెట్టడం కాదు. క్యాన్సర్ వల్ల హాకిన్స్ గొంతు పోయాక, ఆయన చివరి సినిమాలు కొన్నిట్లో గొంతు అరువిచ్చింది ఈ గ్రేనే. ఈ సంగతి తెలిశాక ఆ సీన్లు నాకు ఇంకోలా వినిపిస్తున్నాయి.

ముఖం ఫిల్ము మీద అలాగే ఉండిపోతుంది, గొంతు మనిషితోపాటు ముసలిదవుతుంది. వయసుతో స్వరతంత్రుల కండరం పలచబడుతుంది. అవి పూర్తిగా మూసుకోవు, సందుల్లోంచి గాలి జారి మాటలో బొంగురు చేరుతుంది. గొంతు స్థాయిని యంత్రంతో పెంచడం, తగ్గించడం తేలికే. ఆ గాలినీ, బొంగురునీ తీసేయడం చాలా కష్టం. అమెరికా అంతర్యుద్ధం నడుమ నడిచే ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’కి 2003లో సీన్లు కలిపినప్పుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ మళ్ళీ డబ్బింగ్ చెప్పారు. ముఖానికి 36 ఏళ్ళు, గొంతుకు 70 దాటాయి. ఎంత మంచి స్పీకర్లు పెట్టుకుంటే అంత బాగా తెలిసిపోతుంది. పైగా ఎడారి గుడారంలో మాట్లాడిన మాటలో ఆ చోటు ధ్వని కూడా కలిసి ఉంటుంది, స్టూడియో గదిలో చెప్పినదానిలో అది ఉండదు. ఆ తేడాని చెవి వెంటనే పట్టేస్తుంది. రంగులో చిన్న తేడాని కన్ను ఇంత త్వరగా పట్టుకోదని నా నమ్మకం.

రంగు కష్టాలు మరీ తక్కువేం కాదు. పాత కలర్ ప్రింట్లలో ఎరుపు కాంతిని ఆపే సియాన్ (నీలి ఆకుపచ్చ) రంగు చాలాసార్లు ముందుగా వెలిసిపోతుంది, బొమ్మంతా గులాబీ రంగుకి తిరుగుతుంది. నెగెటివ్ పోయి ప్రింటు మాత్రమే మిగిలిన సీన్‌ని మంచి నెగెటివ్ నుంచి వచ్చిన సీన్ల మధ్య పెడితే అతుకు కనిపిస్తుంది. కొన్ని సినిమాలకు మూడు రంగుల్నీ విడదీసి మూడు నలుపు తెలుపు ఫిల్ముల మీద దాచారు. వాటిలో బొమ్మని పట్టి ఉంచేది వెండి, రంగు కాదు. అందుకే వెలిసిపోదు. ఆ మూడింటినీ కలిపితే అసలు రంగులు తిరిగొస్తాయి.

దర్శకుడే లేకపోతే? రెండో ప్రపంచ యుద్ధంలో స్వయంగా పోరాడిన శామ్యూల్ ఫుల్లర్ తన సైనిక డివిజన్ మీద తీసిన ‘ది బిగ్ రెడ్ వన్’ని 1980లో 113 నిమిషాలకు కుదించి విడుదల చేశారు. ఆయన 1997లో పోయారు. 2004లో సినీ విమర్శకుడు రిచర్డ్ షికెల్ మిగిలిన రీళ్ళతో దాన్ని 160 నిమిషాల దాకా తీసుకొచ్చారు. దానికి డైరెక్టర్స్ కట్ (దర్శకుడు కోరుకున్న రూపం) అని కాకుండా ‘రీకన్‌స్ట్రక్షన్’ అని పేరు పెట్టారు. నాకు చాలా నచ్చిన నిజాయితీ ఇది.

ఇంట్లో చూసే డిస్కుకి ఒక మంచి సౌకర్యం ఉంది. పాత కట్, కొత్త కట్ రెండూ ఒకే డిస్కులో పట్టించొచ్చు. రెండింటికీ ఉమ్మడి భాగాలు ఒక్కసారే ఉంటాయి, కలిపిన సీన్లు విడిగా ఉంటాయి. ఏది ఎంచుకున్నామో దాన్నిబట్టి ప్లేయర్ ముక్కల్ని వరసగా చదువుతుంది. ఒక ముక్క అయ్యేలోపే తర్వాతిదాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది కాబట్టి ఎక్కడా ఆగినట్టు అనిపించదు. దీన్నే సీమ్‌లెస్ బ్రాంచింగ్ అంటారు. ఇక్కడా తిప్పలు పెట్టేది శబ్దమే. బొమ్మ రెండు ఫ్రేముల మధ్య శుభ్రంగా తెగుతుంది, కానీ నేపథ్య సంగీతం సీన్ దాటి సాగుతూ ఉంటుంది. అలాంటి చోట అతుకు చుట్టూ ఉన్న భాగాన్ని రెండు రకాలుగా దాచాలి.

ఇంత వీలున్నప్పుడు, జనం థియేటర్లో చూసిన సినిమాని పక్కన పెట్టేసి పెద్ద కట్ ఒక్కటే అమ్మడం నాకు అస్సలు నచ్చదు. కలిపిన సీన్ల జాబితా ఒకటి డిస్కులోనే ఇవ్వాలి. ఏ నిమిషంలో ఏ మాట కొత్తగా చెప్పించారో, ఎవరు చెప్పారో కూడా అందులో రాయాలి.